నా నడుమూ, కరెంటూ

నడుంనొప్పి లేనివాళ్ళు ఈ నాలుగు ముక్కలూ చదవనక్కరలేదు. అయినా చదువుతారు. ఇంట్లో అత్తగారికో, పెద్దన్నయ్యకో అది వుండే వుంటుంది.

నాది తొమ్మిదేళ్ళ నొప్పి. మాది బిచ్కుంద గనుక తెలుగులోనూ, మరాఠీలోనూ, కన్నడంలోనూ మందులు చెప్పేవాళ్ళున్నారు. మూడు భాషల మందులూ వాడాను. ఆపరేషనూ అయింది. కాలి తిమ్మిరి తగ్గింది గాని, నడుంనొప్పి మాత్రం ఇల్లు ఖాళీచెయ్యని అద్దెమనిషిలా స్థిరపడిపోయింది.

ఇప్పుడు హైదరాబాదు డాక్టరుగారు వెన్నుపాముకు కరెంటు పెడదామంటున్నారు.

"మనిషికి కరెంటు పెట్టుడేందండీ?" అంది మా ఆవిడ.

సంగతేమిటంటే, 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక తలుపువంటిది వుందనీ, స్పర్శను మోసే నరాలు చురుగ్గా వుంటే అది మూసుకుంటుందనీ అన్నారు. దెబ్బ తగిలినచోట మనం చేత్తో రుద్దుకుంటామే, ఆ రహస్యమే. 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే వైద్యుడు మొదటిసారి ఒక రోగి వెన్నులో తీగ అమర్చాడు. ఇప్పుడు వెన్నుపాము పైపొర వెలుపల సన్నని తీగెలు పెట్టి, చర్మం కింద బ్యాటరీ దాస్తారు.

పాతపద్ధతిలో కరెంటు సెకనుకు 40, 60 సార్లు తడుతుంది. నొప్పికి బదులు చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. కొత్తదానిలో సెకనుకు 10,000 సార్లు. జివ్వు వుండదు, బ్యాటరీకి మాత్రం దాదాపు రోజూ ఛార్జి పెట్టాలి. మూడోది గుంపులుగా తట్టేది: విడతకు ఐదు చొప్పున సెకనుకు 40 విడతలు.

ఈ 10,000 పద్ధతి మీద 2015లో వెలువడిన అమెరికా పరీక్ష చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. మూడు నెలలకు నడుంనొప్పి సగమైనా తగ్గినవారు నూటికి 84 మంది. పాతపద్ధతిలో 44 మందే. అయితే ఆ పరీక్షకు డబ్బు పెట్టింది యంత్రం చేసే కంపెనీ. ఎవరికేది అమర్చారో రోగులకు తెలుసు కూడాను.

2022లో నార్వేవారు గడుసుగా చేశారు. ఆపరేషనయ్యాక కాలిలోకి లాగే నొప్పి మిగిలినవారు 50 మందికి గుంపుల యంత్రం అమర్చి, కొన్నాళ్ళు నడిపీ, కొన్నాళ్ళు వాళ్ళకు తెలియకుండా ఆపీ చూశారు. చెప్పుకోదగ్గ తేడాయే లేదు!

"అది కాలినొప్పి లెండి. మీది నడుం. పద్ధతీ వేరే" అన్నారు డాక్టరుగారు. నిజమే. కాని ఖర్చు లక్షల్లో వుంది. మంజీర దిక్కున మాకున్న నల్లరేగడిలో ఒక ఎకరం అమ్ముదామంటాడు మా అబ్బాయి. నేల తిరిగి రాదు గదా.

అదృష్టవశాత్తూ ముందు ఒక వారం పైన పరీక్ష వుంటుంది. తీగ లోపల, బ్యాటరీ బయట. నొప్పి సగమైనా తగ్గితేనే లోపల పెడతారు. నేనొక కోరిక కోరాను. జివ్వు లేని పద్ధతే పెట్టండి, మధ్యలో రెండురోజులు నాకు చెప్పకుండా ఆపండి అన్నాను. ఆయన నవ్వి, "మీరు మాస్టారు కదూ?" అని ఒప్పుకున్నారు.

మా ఆవిడ ఊరుకుంటుందా!

"ఆయనకు చెప్పకుంటే మానె, ఆపిన దినం నాకు చెప్పుండ్రి డాక్టరుగారూ. లేచేటప్పుడు ఆయన మొహం చూస్తే నాకు తెలుస్తది" అంది.

డాక్టరుగారు ఆమెకు కూడా చెప్పనన్నారు.