దోర్నకల్‌లో ఒక విస్తరి

కాజీపేట నుండి విజయవాడ వెళ్లే రైలు దారిలో దోర్నకల్ జంక్షన్ ఉంది. అక్కడి ఎపిఫనీ కథీడ్రల్‌ను దర్శించాలని మా సంఘస్థులమంతా ఒక శనివారం ఉదయం బయలుదేరాము. వేదాంత కళాశాలలో చదువుతున్న నాగాలాండ్ సహోదరుడొకరు మాతో వచ్చారు.

మావాళ్లు ఆయనను ఎంతో ప్రేమగా కిటికీ పక్కన కూర్చోబెట్టారు. "మీ దేశంలో అన్నం తింటారా బాబూ?" అని ఒక పెద్దమ్మ అడిగింది. "మాదీ ఇండియానే అమ్మా, మేమూ అన్నమే తింటాం" అని ఆయన వచ్చీరాని తెలుగులో చెప్పారు. అందరం నవ్వేశాము.

1939లో ప్రతిష్ఠించబడిన ఆ దేవాలయాన్ని చూడగానే మనసు నిండింది. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, పైన సిలువ! దానిని కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య గారు తమిళులు. తెలుగు నేర్చుకుని మనవారిలో ఒకరయ్యారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

చెట్టు నీడన కూర్చుని మావాళ్లకు ఆయన సంగతి ఒకటి చెప్పాము. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఎక్కువమంది తెల్లవారే. మిషనరీల త్యాగానికి కృతజ్ఞతలు చెప్పి, మాకు స్నేహితులను కూడా ఇవ్వండని అజరయ్య గారు వారిని అడిగారు. వారు చెడ్డవారు కారు, బడులూ ఆసుపత్రులూ కట్టినవారే. అయినా భారతీయ సేవకుణ్ణి తమతో సమానంగా కూర్చోబెట్టుకోవాలని చాలామందికి తోచలేదు.

"అయ్యో, దొరలు ఎంత పని చేశారు!" అని మావాళ్లు నొచ్చుకున్నారు.

భోజనాల వేళయింది. విస్తళ్లు వేసి అందరం బంతిగా కూర్చున్నాము. నాగాలాండ్ సహోదరునికి మాత్రం దూరంగా కుర్చీ వేసి, కారం పడదేమోనని పళ్లెంలో పెరుగన్నం పెట్టారు. అదంతా ప్రేమతోనే. ఆయన పళ్లెం పట్టుకుని వచ్చి, "అయ్యగారూ, నేనూ బంతిలో కూర్చోవచ్చా?" అని మెల్లగా అడిగారు.

మా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అజరయ్య గారి కథ చెప్పిన మాకు ఆ కుర్చీ కనబడనేలేదు.

రైల్లో మాట్లాడిన పెద్దమ్మే పక్కకు జరిగి విస్తరి వేసింది. "మీ అమ్మ పేరేమిటి నాయనా?" అని అడిగింది. ఉదయం నుండి ఆ మాట మాలో ఎవరమూ అడగలేదు.

ప్రియ చదువరులారా, వేరే ముఖం, వేరే మాట గలవారు మన ఇంటికి వస్తే ఆదరిస్తాము. మంచిదే. వారి విస్తరి ఎక్కడ వేస్తున్నామో కూడా చూసుకుందాము.