సుడిని చెక్కిన చెయ్యి

కృష్ణారెడ్డి అంటే లోకానికి ముద్రణ చిత్రకారుడు. నాకు మాత్రం ఆయన శిల్పే. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడయ్యాడు. లండన్‌లో హెన్రీ మూర్, పారిస్‌లో జాడ్కిన్, మిలాన్‌లో మరీనో మరీనీ దగ్గర శిల్పం నేర్చుకున్నాడు. పారిస్‌లో హేటర్ నడిపిన ‘అటెలియే 17’ ముద్రణశాలలో లోహపు రేకు పట్టుకున్నాక కూడా ఆ ఉలి చెయ్యి మారలేదు. రేకు మీద గీతలు గీసి ఊరుకోలేదు, మిట్టలూ పల్లాలూ తేలేలా దాన్ని తొలిచాడు.

రంగుల కిటుకంతా ఆ పల్లాల్లోనే ఉంది. గట్టి రోలరు మిట్టల్ని తాకి పోతుంది, మెత్తనిది లోతుకు దిగుతుంది. అవిసె నూనె బాగా కలిపిన పల్చని రంగు ఉన్నచోట చిక్కటి రంగు పొర్లిస్తే అంటుకోదు. అలా ఒకే రేకు, ఒకే ఒత్తు, కాగితం మీద ఎన్నో రంగులు! హేటర్, కైకో మోటీ లాంటి సహచరులతో కలిసి ఈ పద్ధతికి ప్రాణం పోసినవాడు మన తెలుగువాడు.

1963లో చేసిన ఆయన ‘సుడిగుండం’ చూడాలి. అందులో ఒడ్డు లేదు, పడవ లేదు. నీటి తిరుగుడు ఒక్కటే ఉంది. శ్రావణంలో రాజమండ్రి గట్టున నిలబడి ఎర్రనీటిని చూసినవాళ్ళకి దాన్ని ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పాపికొండల ఇరుకులో నలిగి వచ్చి, ఒక్కసారిగా వెడల్పయ్యే గోదారి తన బలమంతా సుళ్ళలోనే చూపిస్తుంది. ఒక సుడి విచ్చుకునేలోగా ఇంకొకటి దాన్ని మింగేస్తుంది. కోరింగ మడ అడవిలో ఆటు వేళ బురదలోంచి నిక్కి నిలిచే ఊపిరివేళ్ళనూ చూడండి. చెట్టు కనబడదు, బతకాలన్న పట్టుదల కనబడుతుంది. నైరూప్య కళ చేసేదీ ఇదే. రూపాన్ని పక్కనపెట్టి, దాన్ని నడిపించే శక్తిని పట్టుకుంటుంది. అది పట్నపు చదువరులదేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏటిగట్టున పెరిగిన పిల్లలకి అది కళ్ళెదుటి సంగతి.

కృష్ణారెడ్డికి 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన పుట్టిన ఏడాదే మన చిత్రకారుడు దామెర్ల రామారావు పోయాడు. ఆ దామెర్ల పేరిట రాజమండ్రిలో చిత్రశాల ఉంది. కృష్ణారెడ్డి చిత్రాలనీ, వాటి పక్కనే ఆయన తొలిచిన రేకులనీ కొన్నాళ్ళు అక్కడ పెట్టించండి. బడిపిల్లల్ని ముందు గోదారి గట్టుకి తీసుకెళ్ళి, తర్వాత లోపలికి పంపండి.