తంగేడు పూసే దారి

బాలలూ! భాద్రపద అమావాస్య రోజుల్లో మీరెప్పుడైనా హైదరాబాదు నుంచి హనుమకొండకు ప్రయాణం చేశారా? దారిలో బీడుభూముల్లోనూ, రాళ్ళగుట్టల మీదా పసుపు ఆరబోసినట్టు పూసిన పొదలు కనబడతాయి. అదే తంగేడు. ఆ పూలే తొమ్మిది రోజులు బతుకమ్మలో కొలువుతీరి, సద్దులనాడు పద్మాక్షి గుట్టకింది గుండం చేరుకుంటాయి. తెలంగాణ 2014లో తంగేడునే రాష్ట్రపుష్పంగా ఎంచుకున్నది.

ఒక పువ్వును దగ్గరగా చూడండి. అయిదు రేకులు ఉంటాయి గాని తేనె చుక్కయినా ఉండదు! మరి తుమ్మెద ఎందుకు వస్తుంది? పుప్పొడి కోసం. అది కేసరాల లోపల దాగి ఉంటుంది; కొసన సన్నని రంధ్రాలు మాత్రమే ఉంటాయి. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిరిస్తుంది. వెంటనే పుప్పొడి జల్లున రాలుతుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. పూలకోసం కొమ్మలన్నీ విరిచేస్తే కాయలు కాయవు. కాయలు లేకపోతే విత్తనాలెక్కడివి? పైగా ఊళ్ళు పెరిగి, ఎన్నో బీళ్ళు ఇళ్ళస్థలాలయినవి. పూలకోసం ఏటేటా మరింత దూరం పోవలసి వస్తున్నది. మరి మనమే పెంచితే?

నేనొకసారి గుట్టమీది మొక్కను పెరికి తెచ్చి పెరట్లో నాటాను. మూడోనాటికే వాడిపోయింది. తంగేడు తల్లివేరు లోతుకు దిగుతుంది. అది తెగితే మొక్క బతకడం కష్టం. పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఆ మొక్క ఈ పాఠం చెప్పింది.

కనుక విత్తనమే మంచి దారి. ఎండిన కాయలు ఏరి, గింజలు దాచుకోండి. గింజపైన పెంకు గట్టిది. నీటిని లోపలికి పోనివ్వదు. అందుకని తొలకరి పడగానే అమ్మచేత నీళ్ళు మరిగించి, పొయ్యిమీంచి దించాక, గింజలమీద పోయించండి. రాత్రంతా నాననివ్వండి. తెల్లవారి ఉబ్బిన గింజలను, ఎండ బాగా తగిలి నీరు నిలవనిచోట, వేలికణుపు లోతున విత్తండి. మొలకలకు కాస్త నీళ్ళు పోస్తూ ఉండండి. వేరు దిగితే ఇక ఎండకు జంకదు. రెండు మూడేళ్ళు ఓపిక పట్టండి, పూలు మీ వాకిట్లోనే పూస్తాయి.

పూలు కోసేటప్పుడు ప్రతి పొదకూ కొన్ని గుత్తులు వదలండి. అవి తుమ్మెద వాటా, రేపటి మొక్కల వాటా.