ఉన్న ఫైలే లేదంటుంటే

మా ఊరి పాల కేంద్రంలో పది రోజులకోసారి బిల్లు ఇస్తారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, రేటెంత, ఈ లెక్కంతా సీ భాషలో రాసిన ప్రోగ్రాం చూసుకునేది. సరిగ్గా బిల్లు ముందు ఆ పాత ఉబుంటు 10.04 కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. హార్డ్ డిస్క్ దక్కింది. పాత ప్రోగ్రాం 32 బిట్లది, కొత్త కంప్యూటర్లో వేసింది 64 బిట్ల ఉబుంటు 22.04. సోర్సు ఉంది కాబట్టి మళ్లీ కంపైల్ చేయడానికి కూర్చున్నాను. "ఈ డబ్బులతోనే దాణా తెచ్చుకోవాలి బాబూ" అని ఒక పెద్దావిడ గుమ్మంలోనే అడిగి వెళ్లింది.

కంపైల్ అయింది, లింకింగ్ దగ్గర ఆగింది. లెక్కలు దాచుకునే డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూలైట్3 దొరకలేదంది. వెతికితే లిబ్‌ఎస్‌క్యూలైట్3.ఎస్‌ఓ.0 కళ్లెదుటే ఉంది! నడిచే ప్రోగ్రాంకు చివర అంకె ఉన్న ఆ ఫైలు చాలు. లింకర్ మాత్రం అంకె లేని .ఎస్‌ఓ పేరు కోసం చూస్తుంది. ఆ పేరు వచ్చేది డెవ్ ప్యాకేజీతో. హెడర్ ఫైల్ మా ఫోల్డర్లోనే ఉండటంతో అంతదాకా ఆ లోటు బయటపడలేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ దించుకున్నాను.

ఆ తర్వాతది నన్ను నిజంగా ఏడిపించింది. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూలైట్3_ఓపెన్'. లైబ్రరీ దొరికింది, అందులోని ఫంక్షన్ ఏమిటో తెలియదంటోంది. ఎన్ఎమ్ కమాండ్‌కు హైఫన్ డీ కలిపి చూస్తే ఆ పేరు లైబ్రరీలో ఉంది, ఫంక్షన్ కోడ్ అందులోనే ఉందని చెప్పే టీ అక్షరంతో సహా. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అదే మాట. చీకటి పడింది, బయట సాయంత్రం పాల క్యాన్లు లారీకెక్కాయి, నేను అక్కడే ఉన్నాను. చివరికి మేక్‌ఫైల్లో లింక్ చేసే వరుసను ఒక్కో మాటా చదివాను. లైబ్రరీ పేరు మా .ఓ ఫైళ్ల కంటే ముందుంది. 2011లో వచ్చిన 11.10 నుంచి ఉబుంటు జీసీసీ 'యాజ్ నీడెడ్' పద్ధతిని మామూలుగానే పాటిస్తోంది. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతూ లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి దాన్ని అడిగినవాళ్లే లేరు, అందుకే పక్కన పెట్టేసింది. 10.04లో అదే వరుస చెల్లింది. లైబ్రరీని అడిగే హైఫన్ ఎల్ మాటను వరుస చివరికి మార్చాను. లింక్ అయింది.

నడపబోతే ఇంకోటి. వెన్న శాతం మిషన్ నుంచి అంకెలు తెచ్చే మా సొంత లైబ్రరీ 'నాట్ ఫౌండ్' అని ఎల్‌డీడీ చెప్పింది. యూఎస్‌ఆర్ లోకల్ లిబ్‌లో పెట్టింది నేనే. లోడర్ చూసేది ఎల్‌డీ కాన్ఫిగ్ తయారుచేసిన క్యాష్‌ను, అది ఇంకా పాతదే. సుడోతో ఎల్‌డీ కాన్ఫిగ్ ఇస్తే సరిపోయింది. చాలామంది ఇక్కడ ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను బ్యాష్ఆర్‌సీలో రాసేస్తారు. నాకది ఇష్టం లేదు. వేరే యూజర్ లాగిన్ అయితే ప్రోగ్రాం మళ్లీ ఆగిపోతుంది, ఆ పూట నేను ఊళ్లో ఉంటానో లేదో.

ముందటి పది రోజుల లెక్కను కొత్త ప్రోగ్రాంతో వేయించి, పాత బిల్లులతో పైసాతో సహా సరిచూశాకే డబ్బులు పంచమన్నాను.