జీరంగికి మురిపెం, పేడపురుగుకు ఛీత్కారం

సాలీడుకూ పాముకూ ఏనుగుకూ ముక్తి దొరికిందని చెప్పుకొనే ఊరు శ్రీకాళహస్తి. అక్కడ కూడా పురుగుల మధ్య మనం పెట్టిన అంతస్తులు పోలేదు. వానలు మొదలైనాక తుమ్మచెట్టు మీద వాలిన జీరంగిని పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకుంటారు. అదే వానకు బయటపడిన పేడపురుగును చూసి పెద్దలే ముక్కు మూసుకుంటారు. రెండూ పెంకుపురుగులే, ముందురెక్కలు గట్టి డిప్పలై వెనకరెక్కలను కాచేవే. మన మర్యాద మాత్రం డిప్ప మీది మెరుపును బట్టి. ఈ లెక్క తప్పంటాను. జీరంగి అందాన్ని నేను కాదనను. కాళహస్తి కలంకారీ నలుపు ఇనుమూ బెల్లమూ ఊరి గుడ్డలోకి ఇంకిన రంగు. జీరంగి పచ్చదనంలో అలాంటి అద్దకమే లేదు, డిప్పలోని అతి పల్చని పొరలు వెలుతురును తిప్పికొట్టే తీరు అది. అందుకే పురుగు చచ్చినా మెరుపు చావదు. 1888లో లండన్‌లో లేడీ మాక్‌బెత్ వేషానికి ఎలెన్ టెర్రీ తొడిగిన గౌనుకు ఇలాంటి డిప్పలే కుట్టారు. అయితే జీరంగి తినేది ఆకు, దాని పిల్లపురుగు తినేది వేరు. దాని చుట్టమొకటి మన వేరుశనగ కాండాన్నే తొలుస్తుంది.

పేడపురుగు సంగతి వేరు. ఉండ కట్టే రకం తల కిందికి పెట్టి, వెనకకాళ్లతో తోస్తూ వెనక్కి నడుస్తుంది. బయల్దేరే ముందు ఉండెక్కి గుండ్రంగా తిరిగి ఆకాశాన్ని గుర్తుపెట్టుకుంటుంది. దక్షిణాఫ్రికా పేడపురుగొకటి పాలపుంత వెలుగును బట్టి తిన్నగా పోతుందని 2013లో తేలింది. పూడ్చిన ఉండలో గుడ్డు పెడుతుంది, తినగా మిగిలింది నేలకు ఎరువు. ఈ కూలి విలువ ఆస్ట్రేలియాకు ఖర్చు పెట్టాక తెలిసింది. కంగారూ పెంటికలకు అలవాటుపడిన అక్కడి పురుగులు వలస వచ్చిన ఆవుల పేడను పెద్దగా పట్టించుకోలేదు. పేడ ఎండి గడ్డిని కప్పింది, ఈగలు ముసిరాయి. బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త పూనికతో 1960ల నుంచి పరాయి దేశాల పేడపురుగులను తెచ్చి వదిలారు.

మన పేడ పిడకలకూ దిబ్బకూ పోతుంది గదా అనవచ్చు. కొట్టంలోది పోతుంది, మేతబీళ్లలో పడింది ఎవరెత్తుతారు? వానపాములూ చెదలూ లేవా అంటే, ఉన్నాయి. కానీ వానపాముకు నేల పదును కావాలి, చెద ఎండినదాన్ని తన పుట్టకే మోసుకుపోతుంది. ఈగపిల్లలు పెరగకముందే పచ్చిపేడను మట్టిలోకి దించేది పేడపురుగే. దానికి మన చేతనే ముప్పు: పశువుకు నులిపురుగుల మందు ఐవర్‌మెక్టిన్ వేయిస్తే ఆ మందు రోజుల తరబడి పేడలోకి దిగి, అందులో పెరిగే పేడపురుగు పిల్లలను చంపుతుంది. కాబట్టి ఆ మందును మందలోని అన్నింటికీ వేయించకండి, అవసరమైన పశువుకే వేయించండి. వానాకాలంలో దానికి బదులు ఇంకో మందు కుదురుతుందేమో పశువుల డాక్టరును అడగండి.