హుమ్నాబాద్ నీళ్లు ఎవరి పాలు?

షోలాపూర్ నుంచి హైదరాబాద్ పోయే మనవాళ్లకు హుమ్నాబాద్ అంటే బస్సు ఆగే ఊరు. చాయ తాగుతం, మళ్లీ ఎక్కుతం. ఈసారి వీలుంటే ఒక పూట ఆగండి. వీరభద్రేశ్వరుని గుడి చూసి మాణిక్‌నగర్ పోండి. మాణిక్ ప్రభు సంస్థానం గురుగంగ, విరజ అనే రెండు వాగులు కలిసేచోట ఉంది. వాగులు చిన్నవే గాని, ఈ తట్టు నీళ్ల వెనక పెద్ద పంపకం ఉంది.

బీదర్ జిల్లాలో పడ్డ వాన రెండు దారులు పడుతుంది. కారంజాలో పడ్డది మంజీరకు, అక్కడినుంచి గోదావరికి పోతుంది. దక్షిణాన ముల్లమారిలో పడ్డది కాగిణా, భీమల మీదుగా కృష్ణలో కలుస్తుంది.

మంజీర పుట్టింది మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో. కర్ణాటక దాటి తెలంగాణలో కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నిజాం కాలంలో ఈ దారంతా ఒకే రాజ్యం. 1931లో నిజాంసాగర్ పూర్తయినప్పుడు పక్క రాజ్యాన్ని అడిగే పనే లేకుండె. 1956లో రాష్ట్రాలు విడిపోయినంక నది ముగ్గురి పాలైంది.

1975లో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కూర్చొని లెక్క రాసుకున్నయి. కారంజా ప్రాజెక్టుకు 13.10 టీఎంసీలు. ఆంధ్రప్రదేశ్ సింగూరు దగ్గర 30 టీఎంసీల ఆనకట్ట కట్టుకోవచ్చు, అందులోంచి హైదరాబాద్ తాగునీటికి 4 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. గోదావరి తగవు మీద బచావత్ ట్రిబ్యునల్ తీర్పు 1980లో వచ్చింది.

కాగితం మీద లెక్క బాగనే ఉంటది. వాన పడకుంటేనే చిక్కు. 2016లో మంజీర పైన లాతూరుకు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తేవలసి వచ్చింది. కింద సింగూరు కూడా ఎండింది. లేని నీళ్లు ఎవరు ఎవరికి పంచుతరు?

కరువులో ఎట్ల పంచుకోవాలో కూడా ముందే రాసుకోవచ్చు. 1996లో మన దేశం, బంగ్లాదేశ్ గంగ మీద 30 ఏళ్లకు ఒప్పందం చేసుకున్నయి. జనవరి నుంచి మే దాకా పది రోజులకోసారి లెక్క. ఫరక్కా దగ్గర 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువ ఉంటే చెరి సగం. అంటే లోటు కూడా ఇద్దరిదే.

ఇది మనకెందుకు అనుకోవద్దు. షోలాపూర్‌లో మనం తాగే ఉజని నీళ్లు భీమవే. మనకు పైన పుణె ఉంది, కింద కర్ణాటక పల్లెలున్నయి. ఎండాకాలం పైవాళ్లు వదలాలని మనం ఎట్ల కోరుకుంటమో, కిందివాళ్లూ మనవైపు అట్లనే చూస్తరు.