మా యింటి కరపత్రము

శీర్షికను జూచి మేమేదో సభకు పంచిపెట్టు అచ్చుకాగితమును గూర్చి వ్రాయుచున్నామని తలంపకుడు. చిన్ననాడు మా తండ్రిగారు మాచే వల్లె వేయించిన అమరకోశమున ఱంపమునకు క్రకచమనియు, కరపత్రమనియు పేళ్లు గలవు. మేము చెప్పబోవునది బ్యాటరీతో నడుచు ఱంపమును గూర్చి. అంగళ్లలో దీనిని రెసిప్రొకేటింగ్ సా అనియు, సాబర్ సా అనియు అందురు. దీని ముందు భాగమున నుండు పొడవైన బ్లేడు మిక్కిలి వేగముగ ముందునకును వెనుకకును కదలుచు కోయును. ఇట్టి పనిముట్టు ఆడువారి కెందులకని అడుగువారు మా కథను వినవలయును.

మాది ఉద్దానము. శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరమున కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన సీమ. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటెను. అవి శరన్నవరాత్రులు. తెల్లవారునప్పటికి తోటలకు తోటలే నేలవ్రాలి యుండెను. కరెంటు స్తంభములు కూలిపోయెను. మా సందు మొదట నొక కొబ్బరిమ్రాను ఈ గోడనుండి ఆ గోడకు వంతెనవలె అడ్డము పడెను. దాని క్రింద జీడిమామిడి కొమ్మలు చిక్కువడి యుండెను.

పొరుగింటి వదినగారికి మూత్రపిండముల వ్యాధి. ఉద్దానమున ఆ వ్యాధి ఎన్ని సంసారములను కలచినదో లోకమునకు తెలియును. వారమునకు రెండు మారులు డయాలిసిస్ జరుగనిదే ఆమెకు ప్రాణము నిలువదు. తుపాను నాటి వంతు తప్పిపోయెను. మూడవనాటికి కాళ్లు వాచి, ఆయాసము మిక్కుటమయ్యెను. పెద్ద త్రోవను తెరచిరనియు, సందు తెరచినచో ఆటో వాకిటికి వచ్చుననియు కబురు వచ్చెను. మంచముపై మోసికొని పోవుదమన్నను కొమ్మల చిక్కులో మనిషి దూరుటకే చోటు లేదు. గొడ్డళ్లున్న వారందఱును ఊరి బయటనే పనిలో నుండిరి.

అప్పుడు విశాఖపట్టణమున గొట్టముల పని చేయించు మా తమ్ముడు మా అటకపై దాచిపోయిన ఈ ఱంపము జ్ఞప్తికి వచ్చెను. దానితో రెండు బ్యాటరీలు గలవు. వదినగారి కుమారుడు దానిని తీసికొనిపోయి మ్రానుపై పెట్టెను. అది మహాధ్వని చేసెను, పొగ గ్రక్కెను. తెగినది మాత్రము బొటనవ్రేలి మందమే! ఇంతలో యంత్రము నిలిచిపోయెను.

“అత్తా! ఒక బ్యాటరీ అయిపోయినది. ఇక నొక్కటే యున్నది,” అని ఆ పిల్లవాడు కన్నీళ్లు పెట్టుకొనెను. కరెంటు ఎన్నడు వచ్చునో ఎవ్వరికిని తెలియదు.

ఉన్న ఆ ఒక్కదానిని తగిలింపవద్దని మేమంటిమి. చల్లారిన పిదప బ్లేడు నూడదీయించి చూచితిమి. దాని పండ్లు మిక్కిలి సన్నములు, వాని నడుమ కొబ్బరిపొట్టు గట్టిగా కూరుకొనిపోయి యున్నది. సన్న జల్లెడలో నూక పోసి ఆడించినచో ఏమగును? పిండి దిగవచ్చును గాని నూక దిగదు కదా! మా వారు బడిపిల్లల స్కేలుతో కొలిచిరి. అంగుళమునకు పదునెనిమిది పండ్లు! అది పలుచని యినుప గొట్టములను కోయు బ్లేడు. పెట్టె అడుగున వెదుకగా పండ్రెండంగుళముల పొడవును, అంగుళమునకు అయిదే పండ్లును గల మఱియొకటి దొరకెను. అది పచ్చికఱ్ఱకు తగినది.

కొమ్మలను మొదట క్రిందినుండి కొంత కోసి, పిదప పైనుండి తెంచిరి. రెండు కొనలును గోడలపై నానియున్న మ్రానును అట్లు గాక, ముందు పైనుండి మూడవవంతు కోసి, తక్కినది క్రిందినుండి కోసిరి. అటుల గానిచో మ్రాను క్రుంగి బ్లేడును కఱచి పట్టును. అరగంటకు సందు తెరచుకొనెను. వదినగారు ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి చేరిరి. ఆ పిదప మూడేండ్లు మాతో నవ్వుచు మాటలాడుచు నుండిరి.

ఆనాడు మేము నేర్చినది చెప్పెదము. చెట్లకు అంగుళమునకు మూడు మొదలు ఆఱు పండ్లుండు బ్లేడు, మేకులున్న పాతకఱ్ఱకు ఆఱు మొదలు పది, మందపు ఇనుమునకు పది మొదలు పదునాలుగు, పలుచని గొట్టములకు పదునెనిమిది మొదలు ఇరువదినాలుగు ఉండవలయును. ఇనుమును కోయునప్పుడు ఎల్లవేళలను మూడు పండ్లయినను లోహమునకు తగులుచుండవలయును. బ్లేడు పొడవు కోయవలసినదాని మందముకంటె మూడంగుళములైనను ఎక్కువ యుండుట మేలు. కఱ్ఱకు వేగము, ఇనుమునకు నిదానము. యంత్రపు ముందున్న ఇనుప పాదమును కోయు వస్తువునకు గట్టిగా ఆనించి పట్టినచో చేయి అదరదు. బైమెటల్ అను బ్లేడునకు వెన్ను వంగును గాని విఱుగదు, పండ్లు కఠినముగ నుండును. వెల యెక్కువైనను మేకులు తగులు పనికి అదియే తగినది.

ఇక మా తప్పును దాచనేల? పని తీరిన సంతోషములో ఱంపము నటులే అటక యెక్కించితిమి. మరు సంవత్సరము దింపిచూడగా ఉప్పుగాలికి బ్లేడు త్రుప్పుపట్టెను, జీడిబంక కరడుగట్టెను. వట్టిపోయిన బ్యాటరీ నెలల తరబడి అటులే యుండుటచే మరల ఎక్కనే లేదు. ఎవరికో ప్రాణము నిలుపుకొని వచ్చిన పనిముట్టును మనము చేసిన గౌరవ మిదియా యని సిగ్గుపడితిమి.

ఇప్పుడు మా నియమ మిది. ఏ పనికి పూనినను ముందు బ్యాటరీని ఊడదీయవలయును. కోసిన వెంటనే బ్లేడును తాకరాదు, అది చేయి కాల్చును. బంకను కిరసనాయిలు తడిపిన గుడ్డతో, యంత్రమునకు దూరముగ, పొయ్యికి మఱింత దూరముగ తుడువవలయును. పిదప కుట్టుమిషను నూనెను పలుచగా పూసి కాగితమున చుట్టవలయును. పనసకాయ తరుగునప్పుడు కత్తిపీటకు నూనె రాయు మనకు ఇది క్రొత్తది కాదు. బ్లేడును పట్టు చోటను, గాలి పోవు రంధ్రములలోను చేరిన పొట్టును పొడి కుంచెతో దులుపవలయును, నీరు తగులనీయరాదు. వేడిగానున్న బ్యాటరీని చల్లారనిచ్చి చార్జి చేయవలయును. వాడనినాళ్లలో సగము నింపి, మేకులు తాళపుచెవులు తగులని చల్లని చోట నుంచవలయును. అక్టోబరు రాకముందే నిండుగా చార్జి చేసి సిద్ధముగ నుంచుకొందుము. పట్టినవారు కండ్లద్దములు పెట్టుకొని, కొంగు బిగించి దోపుకొనుట మఱువరాదు.

ఆయుధపూజనాడు మేము కత్తిపీట ప్రక్కన ఈ కరపత్రమును కూడ నుంచి కుంకుమ పెట్టుదుము. అంతకుముందే కుంచెయు నూనెయు పట్టి దానిని శుభ్రము చేయుదుము. ఆ దినమున వదినగారి కుమారుడు తప్పక వచ్చును. బ్లేడులనన్నిటిని వరుసగా పఱచి, ఏది దేనికో మా పిల్లలచే చెప్పించును. వారు తప్పు చెప్పినచో స్కేలు తెచ్చి పండ్లు లెక్కపెట్టించునే గాని నవ్వడు.